దోసకాయల మీది బూడిద

వసతిగృహాల్లో వంటశాల బాధ్యత ఇప్పుడు చదువుకున్న అమ్మాయిలు తీసుకుంటున్నారు. సంతోషం. వాళ్లలో ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, "అమ్మగారూ, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అన్నారు. బియ్యానికి పురుగు పట్టకుండా ఎలా నిలవ చేయాలో, పప్పు ఎంతమందికి ఎంత పోయాలో ఎవరైనా నేర్పుతారు. నా ఉద్యోగంలో సగం వంటశాల బయటే జరిగింది, కూరగాయల బజారులో, తట్టల ముందు గొంతుక్కూర్చుని. ఆ సగం గురించి రాస్తాను.

నేను బడి మొహం చూడలేదు. మా మేనమామ సాయంత్రాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలూ, ఎక్కాలూ, స్తోత్రాలూ ఒకేసారి నేర్పారు. ఆయనకూ, ఆ చదువునే చదువుగా ఒప్పుకుని అరవైమంది ఆడపిల్లల తిండి నా చేతిలో పెట్టినవాళ్లకూ రుణపడి ఉన్నాను. ఇన్నేళ్లలో నా వంటశాలలో తిన్న ఏ పిల్లనూ పోగొట్టుకోకుండా కాపాడిన స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అది మాటవరసకు అంటున్నది కాదు. ఒకసారి ఒక పిల్ల చేజారిపోయేంత వరకూ వచ్చింది.

బూడిద కాయలు

అరవైల మొదట్లో మా చిలకలూరిపేట బజారులో బూడిద అంటుకున్న కాయకు గిరాకీ ఎక్కువ. ఆ రోజుల్లో పెరటి పాదులకు పేను పట్టినా పురుగు పట్టినా పొయ్యిలో బూడిద జల్లించి పొద్దున్నే మంచు ఆరకముందు చల్లేవాళ్లు. ఆ బూడిద ఆకుకూ కాయకూ అంటుకుని తెల్లగా ఉండేది. కాబట్టి తెల్లగా ఉంటే ఇంటి పాదున కాసిన కాయ అనీ, ఎవరో ఇల్లాలు శ్రద్ధగా పెంచిందనీ లెక్క. మా అమ్మ అలాగే కొంది. నేనూ అలాగే కొన్నాను.

మాకు కూరలు ఇచ్చే మస్తాన్‌బీ నోరున్న మనిషి. బజారు మొదట్లో ఉండగానే ఆమె కేక వినపడేది.

"రండమ్మా రండి, బూడిద కాయలు! పురుగులకు పస్తు, మీకు పండగ!"

"నీ మొహానికే ఉందే బూడిద, కాయలకేదీ?" అనేది ఎవరో ఒకావిడ.

"మొహానిది ఊరికే ఇస్తానక్కా, కాయకే డబ్బులు!"

ఆమె మోసం చేసే మనిషి కాదు. పుచ్చు వంకాయ కనపడితే తనే తీసి పక్కన పడేసేది. కానీ పొలాల్లో జరుగుతున్న మార్పు ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. పత్తికి, మిరపకు పురుగుమందు పొడులు వచ్చాయి. రైతు ఆ పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి, సాళ్ల వెంట నడుస్తూ మొక్కల మీద దులిపేవాడు. మా వైపు పత్తి సాళ్ల మధ్య దోసపాదులు పెట్టడం, గట్ల మీద బెండ, గోంగూర వేయడం తాతల నాటి అలవాటు. మూట దులిపేది పత్తి మీదే. గాలి మాత్రం ఏది పత్తో ఏది దోసో చూడదు కదా.

బజారుకు వచ్చేసరికి ఆ పొడి కూడా తెల్లగానే ఉండేది. మేము మరింత ఇష్టంగా కొన్నాం.

దోమల మందు చల్లేవాళ్లు ఏటా ఇంటింటికీ వచ్చి గోడల మీద పిచికారీ కొట్టి వెళ్లేవారు. దానివల్ల చలిజ్వరాలు తగ్గాయి, మేమంతా వాళ్లను దీవించాం. అందుకని మందు అంటే భయం లేదు. దోమను చంపేది దోమనే చంపుతుంది, పురుగును చంపేది పురుగునే చంపుతుంది అనుకునేవాళ్లం.

కార్తీక సోమవారం

మా వసతిగృహంలో కార్తీక సోమవారాలు పెద్దపిల్లలు ఉపవాసం ఉండేవారు, వాళ్లను చూసి చిన్నవాళ్లూ దాదాపు అందరూ ఉండేవారు. దీపాల వేళ స్వామికి నైవేద్యం పెట్టి, దోసకాయ ముక్కలూ నానబెట్టిన పెసరపప్పూ కలిపి ముందుగా అందరికీ పంచేవాళ్లం. ఆ తరువాతే అన్నం.

ఆ సోమవారం మస్తాన్‌బీ తట్టలో సరుకు తక్కువగా ఉంది. "మార్టూరు అవతల నుంచి ఎంకటప్పయ్య బండి వచ్చిందమ్మగారూ. మా ఊరి పక్క రైతే. దోసకాయలు చూశారంటే వదలరు" అని తనే వెంట పెట్టుకుని తీసుకెళ్లింది. బండి నిండా పసుప్పచ్చటి గుండ్రటి కాయలు, వాటి మీద తెల్లటి పొడి.

"మందేమన్నా కొట్టావా నాయనా?" అని అడిగాను. అప్పటికే పొడి మందుల మాట అక్కడక్కడా వింటున్నాను.

"దోసపాదుకు మందు కొట్టేంత ఎర్రోణ్నా అమ్మా? మా ఆడోళ్లు చల్లిన బూడిద అది" అన్నాడు వెంకటప్పయ్య.

అతను అబద్ధం చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

కాయలు వసతిగృహానికి చేర్చి, నేను బియ్యం దింపించే పనిలో పడ్డాను. వంట పిచ్చమ్మగారిది. నాకంటే పెద్దావిడ, నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. దోసకాయ కోసే ముందు చేదు చూడటం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఒక్క చేదుకాయ పడితే గిన్నె అంతా పోతుంది. కానీ నైవేద్యానికి పెట్టేదాన్ని ముందుగా రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. దానికి పిచ్చమ్మగారి దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఉపవాసం లేని పసిపిల్ల ఎవరినైనా పిలిచి ఒక్కో కాయ కొన కోసి కొరికించేది. పసిపిల్ల కొరికితే ఎంగిలి కాదని ఆవిడ నమ్మకం.

ఆ రోజు దొరికిన పిల్ల రత్నం. కనిగిరి వైపు మెట్ట ఊరి పిల్ల, రెండో తరగతి. జ్వరం నుంచి అప్పుడే లేచిందని ఉపవాసం ఉండనివ్వలేదు. అందరూ పస్తు ఉంటే తనకొక్కదానికే తినే పని దొరికిందని అది పొంగిపోయింది. బుట్టలో ప్రతి కాయదీ తొక్కతో సహా కొన కొరికి, "ఇది తీపి, ఇది తీపి, ఇది చేదు" అని తీర్పులు చెప్పిందట. కాయలన్నిటినీ తొట్టిలో ఒకసారి ముంచి తీశారు, అంతే కడగడం.

మధ్యాహ్నం దాటాక నేను గాదె గది తాళం వేస్తుంటే రత్నం గోడ పట్టుకుని నడిచొచ్చింది.

"స్టోరు అమ్మగారూ, నేల ఊగుతోందండీ."

నా కాళ్ల దగ్గరే వాంతి చేసుకుంది.

"మళ్లీ జ్వరం తిరగబెట్టినట్టుంది. గోరువెచ్చటి పాలు తాగిస్తా ఉండు" అంటూ పిచ్చమ్మగారు లోపలికి పోయింది. ఒళ్లు పట్టి చూశాను. వేడి లేదు. చేతులు పట్టుకున్నాను. వేళ్లు వాటంతటవే అదురుతున్నాయి. ఆ చేతుల నుంచి ఒక వాసన వచ్చింది. మూసి పెట్టిన గదిలో తడిసిన గోనెసంచి వాసన లాంటిది, కానీ ఇంకా ఘాటు. దోమల మందు కొట్టిన గోడ పక్కన పడుకున్నప్పుడు గొంతులో పట్టేది చూడండి, దానికి దగ్గరి వాసన.

బుట్ట దగ్గరికి పరుగెత్తాను. ఇంకా ముక్కలు చేయని కాయలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకదాని తొడిమ గుంటలో, నీళ్లలో ముంచినా పోని పొడి వేలితో తీసి అరచేతిలో వేసుకుని నీళ్లు చుక్కలుగా వదిలాను. బూడిదైతే నీళ్లు పడగానే నల్లబడి జిగటగా జారుతుంది, అంట్లు తోమిన ప్రతి ఆడదానికీ ఆ జారుడు తెలుసు. ఇది తడవలేదు. నీటి చుక్క పొడి మీద పూసలా దొర్లింది.

నైవేద్యం కాబట్టి నేను పొద్దుటి నుంచీ వాటి వాసన చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

పిచ్చమ్మగారు గ్లాసుతో వచ్చింది. "పాలు వద్దు పిన్నిగారూ, ఏమీ పట్టకండి" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. పొట్టలో ఏం పడిందో తెలియకుండా ఇంకొకటి వేయడం ఇష్టం లేకపోయింది, అంతే.

దీపాల వేళ దాకా

మా వార్డెనుగారు కమలమ్మగారు కఠినమైన మనిషి, న్యాయమైన మనిషి. కోసిన దోసకాయ ముక్కలు పెద్ద గంగాళం నిండా ఉన్నాయి. తొక్క చెక్కలేదు, ఆ రోజు చెక్కడం ఆనవాయితీ కాదు. నేను వాటిని పంచొద్దని చెప్పాను.

"రాజేశ్వరీ, ఒక పిల్లకు వాంతి అయిందని అరవైమంది పిల్లల ఫలహారం పారబొయ్యమంటావా? పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు వాళ్లు. ఇది పైగా స్వామికి కోసిన కాయ."

"అందుకే చెబుతున్నానండీ. ఇది బూడిద కాదు."

"మరేమిటి?"

నేను పొడి అంటిన అరచేయి చాపి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం రత్నం వైపు చూశారు.

"పిల్లను ఆసుపత్రికి తీసుకుపో. దీపాలు పెట్టేదాకా ఆగుతాను. ఆ లోపల వచ్చి ఇది ఫలానా అని తేల్చి చెప్పు. చెప్పలేకపోతే పంచేస్తాను. పిల్లల్ని ఆకలితో పడుకోబెట్టను."

రిక్షాలో రత్నాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రి దారిలోనే పత్తి మిల్లు ఉంది. బయట ఎడ్లబళ్ల వరసలో వెంకటప్పయ్య బండి కనపడింది. ఎద్దులకు పత్తిగింజలు కొనడానికి వచ్చినవాడు బండి నీడలో కూర్చుని తల పట్టుకున్నాడు. రిక్షా ఆపించి దిగకుండానే అరిచాను.

"వెంకటప్పయ్యా! దోసకాయల మీద ఏం చల్లావు?"

"బూడిదని చెప్పాను గదమ్మా!"

"పత్తి మీద?"

అతను లేచి నిలబడ్డాడు. "పత్తికి పొడిమందు దులిపాను. నిన్న పొద్దున."

"దోసపాదులు ఎక్కడున్నాయి?"

"పత్తి సాళ్లలోనే..." అన్నాడు. నా ఒళ్లో పిల్లను చూశాడు. "పొద్దున దారిలో నేనూ రెండు కాయలు తిన్నానమ్మా, పంచెకు తుడుచుకుని. అప్పట్నుంచీ తల తిరుగుతుంటే ఎండ అనుకున్నా."

"ఎక్కు" అన్నాను. బండిని పక్కవాడికి అప్పజెప్పి రిక్షా వెనక పట్టుకుని నిలబడ్డాడు.

దారిలో రత్నం ఒళ్లు ఒకసారి విల్లులా బిగుసుకుంది. ఆ రిక్షా ఎంత మెల్లగా వెళ్లిందో! నాకు వచ్చిన నామాలన్నీ ఒకటి పూర్తి కాకుండానే ఇంకొకటి నోట్లోకి వచ్చాయి.

డాక్టరుగారు రత్నాన్ని చూసి ఏం తిందని అడిగారు. నేను దోసకాయ అన్నాను, వెంకటప్పయ్య మందు పేరు చెప్పాడు. ఆ పేరు వినగానే ఆయన చేతులు వేగంగా కదిలాయి. పిల్ల బట్టలు విప్పించి, ఒళ్లూ చేతులూ సబ్బుతో కడిగించి, లోపలికి తీసుకెళ్లారు. మధ్యలో బయటికి వచ్చి, "పాలుగానీ నెయ్యిగానీ ఆముదంగానీ పట్టారా?" అన్నారు.

"ఏమీ పట్టలేదండీ."

"మంచి పని చేశారు. జిడ్డు తగిలితే ఈ మందు ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది. పేరు తెలియకపోతే నేను ఇంకేదో అనుకుని వైద్యం చేసేవాణ్ని."

"బతుకుతుందా అండీ?"

"రేపు పొద్దున చెబుతాను" అన్నారు.

బయట ఎండ పచ్చబడింది. పిల్లను వదిలి రావాలనిపించలేదు. కానీ అక్కడ అరవైమంది ఉన్నారు. వెంకటప్పయ్యను కూడా ఆయన పడుకోమన్నారు. వార్డెనుగారు పెట్టిన గడువు నా నోట విని, "ఆ అమ్మగారు మీ మాట నమ్ముతుందో లేదో, నేనూ వస్తా" అని అతను తూలుతూనే రిక్షా ఎక్కాడు.

మేము వచ్చేసరికి పిల్లలు బారులు తీరి కూర్చున్నారు, ఎదురుగా విస్తళ్లు. తులసి దగ్గర దీపం వెలిగింది. కమలమ్మగారు గరిటె చేత్తో పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే వెంకటప్పయ్య గడప బయట నుంచి చేతులు జోడించాడు.

"ఆ కాయలు నాయేనమ్మా. పత్తి మందు పడింది వాటి మీద. పిల్లలకు పెట్టకండి. పారబొయ్యండి."

ఆవిడ గరిటె పక్కన పెట్టి గంగాళం చెవి ఒకటి తను పట్టుకుని ఇంకో చెవి నన్ను పట్టుకోమన్నారు. గొడ్లు మూతి పెట్టకుండా పెరట్లో లోతుగా గుంట తీయించి అందులో పోశాం. ఆ సాయంత్రం స్వామికి బెల్లంముక్క నైవేద్యం. పిల్లలు పప్పూ అన్నం, ఆవకాయ, మజ్జిగతో కడుపు నింపుకున్నారు. ఒక్క పిల్ల కూడా ఎందుకని సణగలేదు. వాళ్లకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మరునాడు పొద్దున ఆసుపత్రికి వెళితే రత్నం కళ్లు తెరిచి ఉంది. "ఆకలేస్తోందండీ" అంది. అంతకంటే మంచి మాట నా చెవిన పడలేదు. రాత్రే తిరిగొచ్చి చేరిన వెంకటప్పయ్య పక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఏడుస్తున్నాడు.

అడగవలసినది

ఇప్పుడు మీతో నాలుగు మాటలు సూటిగా.

"మందు కొట్టావా?" అని అడగడం పనికిరాని పని. మంచివాడు కూడా లేదనే చెబుతాడు, వెంకటప్పయ్య చెప్పలేదూ? "ఈ పాదు పక్కన ఏం పైరుంది? దానికి ఏం చల్లారు? ఎప్పుడు చల్లారు?" అని అడగండి. తట్ట పెట్టుకుని కూర్చున్నవాళ్లకు తెలియకపోతే రేపు కనుక్కుని రమ్మనండి. తిట్టకండి. తిట్టిన మరునాటి నుంచి నిజం చెప్పడం మానేస్తారు. మస్తాన్‌బీ ఆ ఏడాది నుంచి చేనుకు వెళ్లి చూసి మరీ తెచ్చేది. "పోలీసు ఉజ్జోగం కూడా నాకే ఇచ్చారమ్మగారు" అని ఎగతాళి చేస్తూనే తెచ్చేది.

నిన్నా మొన్నా మందు పడిన చేని కాయ ఎంత నవనవలాడుతున్నా ఆ వారం వద్దు. ఎప్పుడూ ఒకే చేను మీద ఆధారపడకండి. నాలుగు చోట్ల నుంచి కొంచెం కొంచెం కొంటే ఒకచోటి పొరపాటు మొత్తం విస్తట్లోకి రాదు. పుచ్చు ఉన్న కాయ మంచిదని ఈమధ్య కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. పురుగు పట్టిందని చూశాకే రైతు మందు మూట తీస్తాడు.

కాయను తొట్టిలో ముంచి తీయడం కడగడం కాదు. ముందు పొడిగుడ్డతో బయట తుడిచి, పైనుంచి నీళ్లు పోస్తూ చేత్తో రుద్ది కడగాలి, నీళ్లు మార్చి మళ్లీ కడగాలి. తొడిమ గుంటలో పొడి దాక్కుంటుంది, అక్కడ లోతుగా కోసి పారేయండి. చెక్కు తీయగలిగినదానికి తీయండి. ఆకుకూరల పై ఆకులు వదిలేయండి. ఉప్పునీళ్లలో వేస్తే విషమంతా పోతుందనేవాళ్లను నమ్మకండి. పైది కొంత పోతుంది, లోపలికి ఇంకింది పోదు.

భయపడి కూరలు మానేయడం ఇంకొక తప్పు. ఆ గొడవ తరువాత కమలమ్మగారు వారం రోజులు కూరగాయ గడప దాటనివ్వనన్నారు. నేను ఎదురుచెప్పాను. ఎదిగే పిల్లలు, ఉత్త పప్పు నీళ్లతో ఎదగరు. మనం చూసి కొనడానికే జీతం తీసుకుంటున్నాం కదా అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, కానీ రెండో రోజే సంచి నా చేతికిచ్చి బజారుకు పంపారు.

ఆ తరువాతి సోమవారం

మళ్లీ సోమవారం వచ్చింది. దోసకాయలు కొన్నాను. పల్లె చివర ఒక ఇంటి పెరట్లో కాసినవి. చుట్టూ పత్తి లేదు, మిరప లేదు, మస్తాన్‌బీ వెళ్లి కళ్లారా చూసి వచ్చింది. తుడిచి, కడిగి, చెక్కు తీశాను. పిచ్చమ్మగారు అలవాటు చొప్పున గుమ్మంలోకి చూసి, "ఏ పిల్లనన్నా పిలవనా?" అంది.

"వద్దు పిన్నిగారూ" అని ఒక్కో కాయ నుంచి ఒక్కో ముక్క కోసుకుని వాసన చూసి నేనే తిన్నాను.

"అయ్యో అయ్యో, నైవేద్యం! ఎంగిలి చేశావు గదే!" అని ఆవిడ చెవులు మూసుకుంది.

నేను చేతులు కడుక్కుని దేవుడి గూటి ముందు నిలబడ్డాను. "స్వామీ, ఇకనుంచి నీకు పెట్టేది ముందు నేను తింటాను. తప్పయితే నన్ను అడుగు, పిల్లల్ని అడగొద్దు" అని పైకే చెప్పుకున్నాను. ఉద్యోగం వదిలే దాకా ఆ పద్ధతి మార్చలేదు. ఆయన ఏనాడూ నన్ను అడగలేదు.

వెనక్కి తిరిగితే రత్నం ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంకా తేరుకోలేదు, దుప్పటి కప్పుకునే తిరుగుతోంది. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నేల ఊగుతోందా అండీ?"

"లేదమ్మా."

"కడుపులో తిప్పుతోందా?"

"లేదు."

అది నమ్మలేదు. ఆటకు పిలిచినా లేవలేదు. నేను బియ్యం ఏరితే నా చేతివేళ్ల వంక, లేచి నడిస్తే నా కాళ్ల వంక చూస్తూ, ఆ మధ్యాహ్నమంతా నన్ను కాపలా కాసింది. దీపాలు వెలిగాక, పిల్లలంతా విస్తళ్ల ముందు కూర్చున్నాక, కమలమ్మగారు గరిటె పట్టుకుని నా వైపు చూశారు. నేను రత్నం వైపు చూశాను.

అది లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు అదురుతున్నాయేమో చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇంక పెట్టండి" అంది.